క్యాపిటేషన్ నుంచి కన్వీనర్ కోటా దాకా

మెడికల్ సీటును ర్యాంకుకివ్వాలా, డబ్బుకివ్వాలా అన్న తగువు తెలుగునాట నలభై ఏళ్ల పైబడింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయిన 1983లోనే ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఫీజుకు మించి విరాళం గుంజితే కనీసం 3 ఏళ్ల జైలు. 1986లో ఎంసెట్ వచ్చింది. అదే ఏడాది విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడడంతో, వేర్వేరు యూనివర్సిటీల కింద ఉన్న మెడికల్ కాలేజీల చదువులూ పరీక్షలూ ఒకచోటికి చేరాయి.

అసలు కథ 1992లో నడిచింది. నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి ప్రభుత్వం 1983 నాటి క్యాపిటేషన్ చట్టంలో 3-ఎ అనే సెక్షన్ చేర్చింది. దాని ప్రకారం ప్రైవేటు కాలేజీలు సగం సీట్లను ఎంట్రెన్స్‌లో క్వాలిఫై అయినవాళ్లకు, ర్యాంకుతో పనిలేకుండా ఇచ్చుకోవచ్చు. పైగా ఆ సీట్లకు క్యాపిటేషన్ నిషేధం వర్తించదు. అంటే పాస్ మార్కులొస్తే చాలు, మిగతాది బేరమే. చట్టం పెట్టిన గోడకు చట్టంతోనే కన్నం వేశారు. హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ అక్టోబరులోనే ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. ప్రైవేటు కాలేజీల వ్యవహారం ఒక ప్రభుత్వాధినేత కుర్చీని కదిలించిందంటే, జనం దాన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నారో తెలుస్తుంది.

కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1993 ఉన్నికృష్ణన్ తీర్పు ప్రైవేటు కాలేజీల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు అంది. పేమెంట్ సీటైనా మెరిట్ వరసలోనే ఇవ్వాలంది. నా దృష్టిలో ఆ తీర్పు ప్రాణమంతా ఈ షరతులోనే ఉంది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కన పెట్టింది. కాలక్రమంలో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా స్థిరపడ్డాయి. 2017 నుంచి ఎంసెట్ స్థానంలో నీట్ ర్యాంకే ఆధారం.

నీట్ వచ్చాక ర్యాంకు లేకుండా సీటు రాదు, నిజమే. కానీ బీ, సీ కేటగిరీల (మేనేజ్‌మెంట్, ఎన్నారై కోటాల) ఫీజులు లక్షల్లో ఉండడంతో మంచి ర్యాంకు వచ్చిన పేదింటి పిల్ల తప్పుకోక తప్పదు, ఆ సీటు కింది ర్యాంకుకు పోతుంది. ఇక కటాఫ్ సంగతి. 2023లో సీట్లు మిగిలిపోతున్నాయని నీట్ పీజీ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించారు. పరీక్ష రాసిన ప్రతివాళ్లూ అర్హులే అయ్యారు. క్వాలిఫై అయితే చాలన్న 3-ఎ సెక్షన్‌ను కాదన్న న్యాయమే ఇక్కడా వర్తించాలి. కటాఫ్ తగ్గించే బదులు ఫీజు తగ్గించి ఉంటే ఆ సీట్లలో కొన్నైనా మెరుగైన ర్యాంకులవాళ్లకే దక్కేవి.