అన్నం, మందు, ఒడి: దిక్కులేని బిడ్డల వైద్య చరిత్ర



ఈ పుటలలో సాధారణంగా రక్తపోటు, మధుమేహం, వానకాలపు జ్వరాల గురించి రాస్తుంటాను. ఈసారి ఒక చరిత్రను మీ ముందుంచుతున్నాను. తల్లిదండ్రుల అండ లేని బిడ్డ ఆరోగ్యంగా పెరగడానికి ఏమేమి అవసరమన్న ప్రశ్నకు లోకం నేర్చుకున్న సమాధానాల చరిత్ర ఇది. అందులో నా పొరపాటు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా చెబుతాను.

మన గుంటూరు సీమ నుండే మొదలుపెడదాం. నందన నామ సంవత్సరంలో, అనగా 1832-33లో, ఇక్కడ సంభవించిన ఘోర క్షామాన్ని పెద్దలు డొక్కల కరువు అన్నారు. అప్పటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. వారిలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది మరణించారని అంచనా. అంటే దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. అంతటి మృత్యువు వెంట ఎందరు పసివాళ్ళు ఒంటరులై ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లో వారికి దిక్కు బంధువులు, లేదా పుణ్యాత్ములు పోసిన గంజి. 1876-78 నాటి ధాత కరువు తరువాతనే, కరువు కమిషన్ నివేదిక ఆధారంగా, సహాయం ఎలా అందించాలో చెప్పే నియమావళులు ప్రభుత్వం తయారు చేసింది. ఆ దశలో అందరూ అనాథ బిడ్డకు కావలసింది అన్నమే అనుకున్నారు. ఆకలి రోజులలో అది సరైన మాటే.

రెండవ సమాధానం మందు. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్, బోధతో పాటు వైద్యం కూడా అవసరమని గ్రహించారు. అమెరికాకు తిరిగి వెళ్ళి, యాభై ఏళ్ళు దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, పట్టా పుచ్చుకొని మళ్ళీ వచ్చారు. తరువాత మన పల్నాడులోని గురజాలకు వెళ్ళి పనిచేశారు.

అయితే అసలు మార్పు 1883 నవంబరులో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌తో మొదలైంది. ఆమె 1879లో పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో పట్టభద్రురాలు. పంపినవారు ఆమెను మొదట వైద్యురాలిగా నియమించలేదు. విద్యాబోధన, ఇళ్ళలోని స్త్రీల సందర్శన ఆమెకు అప్పగించిన పనులు. వైద్యం తన సొంత పూనికతో చేశారు. అధికారిక నియామకం 1885లో గాని రాలేదు. 1898 జూన్ 23న స్త్రీలకు, పిల్లలకు 50 పడకల ఆసుపత్రి తెరిచారు. నేటికీ గుంటూరు ప్రజలు దానిని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. తరువాత అక్కడ పిల్లల వార్డు, ప్రసూతి విభాగం వెలిశాయి. 1930 జూలై 26న ఆమె గుంటూరులోనే కన్నుమూశారు.

ఒక విషయం గమనించండి. ఆ కాలంలో మగ వైద్యుని ముందుకు రావడానికి ఎందరో స్త్రీలు ఒప్పుకునేవారు కాదు. కాన్పు కష్టమైతే తల్లి పోయేది, బిడ్డ తల్లిలేనిదయ్యేది. కాన్పులో ఒక తల్లిని బతికించడమంటే ఇంట్లో ఉన్న పిల్లలందరినీ అనాథలు కాకుండా కాపాడడమే. అనాథలను ఆదుకోవడం పుణ్యమైతే, బిడ్డ అనాథ కాకుండా చూడడం అంతకన్నా పెద్ద వైద్యం. మరొక సంగతి. ఏలూరు రాజావారు కృతజ్ఞతతో ఆ ఆసుపత్రి చేరువలో రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. రోగి దగ్గర తనవారు ఉండాలన్న ఈ ఆలోచనను తరువాతి తరాల వైద్యం చాలాచోట్ల మరచిపోయింది.

స్వాతంత్ర్యం తరువాత ఈ పని ప్రభుత్వ బాధ్యతలలో ఒకటైంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ సహాయం అందేలా చూశారు. ఆశ్రమాలు, బాలసదనాలు పెరిగాయి. గోడలు, పడకలు, భోజనం, టీకాలు అన్నీ సమకూరాయి. ఇక కావలసింది ఏమీ లేదనుకున్నాం. నేనూ అలాగే అనుకున్నాను.

1980లలో నేను పనిచేసిన ఒక ప్రాంతంలో పిల్లల గృహానికి నెలకొకసారి తనిఖీకి వెళ్ళేవాడిని. అది ఎంతో శుభ్రంగా ఉండేది. వరుసగా ఉయ్యాలలు, వేళకు పాలు. లోపలికి అడుగుపెడితే నిశ్శబ్దం. పది పన్నెండు మంది పసివాళ్ళున్న గదిలో ఒక్క ఏడుపూ వినబడేది కాదు. కొందరు తమలో తామే అటూ ఇటూ ఊగుతూ ఉండేవారు. కొందరు నా ముఖం చూసేవారు కాదు. నేను బరువు తూచి, గుండె విని, పుస్తకంలో "ఆరోగ్యం సంతృప్తికరం" అని రాసి సంతకం చేసేవాడిని. పిల్లలు బుద్ధిగా ఉన్నారని సిబ్బందిని మెచ్చుకున్నాను కూడా. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన బిడ్డ ఏడుపు మానేస్తుందని నాకప్పుడు తట్టలేదు. ఆ సంతకాలు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నిజానికి హెచ్చరిక అంతకు ముందే ఉన్నది. 1945లో రెనే స్పిట్జ్ అనే వైద్యుడు, శుభ్రతకు లోటు లేని ఒక శిశు గృహాన్ని పరిశీలించి రాశారు. అక్కడ 91 మంది శిశువులలో 34 మంది రెండేళ్ళలో మరణించారు. తిండికి లోటు లేదు. ఎత్తుకునే చేతులకే లోటు. ఈ మాటను లోకం పూర్తిగా నమ్మడానికి మాత్రం రుమేనియా విషాదం కావలసి వచ్చింది.

రుమేనియా తూర్పు ఐరోపాలోని దేశం. జనాభా పెంచాలని దాని పాలకుడు చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించాడు. గర్భనిరోధక సాధనాలు దొరకలేదు. పోషించలేని కుటుంబాలు పిల్లలను ప్రభుత్వ గృహాలలో వదిలాయి. 1989 డిసెంబరులో ఆ పాలన కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ఆ గృహాలలో ఉన్నట్లు ప్రపంచానికి తెలిసింది. వారిలో అత్యధికులకు తల్లిదండ్రులున్నారు. వారిని అనాథలను చేసింది మృత్యువు కాదు, పేదరికం. పైగా, నీరసించిన శిశువులకు బలం కోసమని కొద్ది కొద్దిగా రక్తం ఎక్కించే అలవాటు అక్కడ ఉండేది. పరీక్షించని రక్తం, మళ్ళీ మళ్ళీ వాడిన సూదుల వల్ల వెయ్యికి పైగా పసివారికి ఎయిడ్స్ సోకింది. బలానికి ఒక సెలైన్ పెట్టమని ఆర్‌ఎంపీని అడిగే మన గ్రామస్థులు ఈ సంగతి ఒకసారి తలచుకోవాలి. అవసరం లేని సూది ఏదీ బలం కాదు.

అనేక దేశాల నుండి వైద్యులు, దాతలు తరలి వెళ్ళారు. 2000లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు బుకారెస్ట్ నగరంలో ఒక అధ్యయనం ప్రారంభించారు. గృహాలలో ఉన్న 136 మంది పసివారిలో సగం మందిని, చీటీ వేసినట్లుగా ఎంచి, శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. మిగిలినవారికి అప్పటి ప్రభుత్వ ఏర్పాట్లే కొనసాగాయి. ఫలితాలు 2007లో వెలువడ్డాయి. నాలుగున్నరేళ్ళ వయసులో గృహాలలో ఉంచిన వర్గపు సగటు ఐక్యూ సుమారు 73, పెంపుడు కుటుంబాలకు వెళ్ళినవారిది 81, సొంత ఇంట పెరిగినవారిది 109. రెండేళ్ళ లోపు కుటుంబానికి చేరినవారు మరింత బాగా కోలుకున్నారు. పెంపుడు తల్లి చేతుల్లో పిల్లల ఎదుగుదల కూడా మెరుగైంది. రెండేళ్ళ లోపు శిశువులను సంస్థలలో ఉంచరాదని రుమేనియా 2004లో చట్టం చేసింది.

ఆ వ్యాసం చదివిన రాత్రి నాకు ఆ నిశ్శబ్దపు గది గుర్తుకు వచ్చింది.

ఇంతకీ ఈ మూడవ మందు మన ఊళ్ళకు కొత్త కాదు. ఎయిడ్స్ మన రాష్ట్రాన్ని తీవ్రంగా దెబ్బతీసిన రోజుల్లో, కొడుకునూ కోడలినీ పోగొట్టుకున్న ముసలమ్మలు మనవళ్ళను చంకన వేసుకొని ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారు. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో ఓపిక లేదు. అయినా ఆ పిల్లలు నా ముఖం చూసి గట్టిగా ఏడ్చేవారు, తరువాత నాయనమ్మ భుజాన ముఖం దాచుకునేవారు. ఆ ఏడుపులో ఆరోగ్యం ఉందని అప్పటికి నాకు అర్థమైంది. ఆ నాయనమ్మకు కావలసింది పిల్లవాడిని హాస్టలుకు పంపమనే సలహా కాదు. మందులు, బియ్యం, నెలకు కొంత సొమ్ము, అంతే.

మన చట్టమూ ఇప్పుడు ఆ మాటే అంటున్నది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంస్థలో ఉంచడం చివరి మార్గం మాత్రమే. మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు, కుటుంబంలోనే పెరిగేందుకు, నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. చాలామందికి ఈ సంగతి తెలియక దరఖాస్తు చేయరు.

కనుక పెదకూరపాడు నుండి మీకు నా విన్నపాలు ఇవి. మీ వీధిలో తల్లినో తండ్రినో కోల్పోయిన పిల్లలుంటే, వారిని పెంచుతున్న అవ్వకో మేనమామకో జిల్లా బాలల సంరక్షణ విభాగం దారి చూపండి. వదిలేసిన శిశువు కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. చేతులు మార్చి ఎవరికీ ఇవ్వకండి. బిడ్డ కావాలనుకునేవారు కేంద్ర దత్తత సంస్థ అయిన కారా ద్వారానే రండి. చట్టబద్ధమైన దత్తత బిడ్డకూ మీకూ రక్ష. పుట్టినరోజున ఆశ్రమానికి వెళ్ళి భోజనం పెట్టి, ఫోటో దిగి వచ్చే మిత్రులకు ఒక మాట. అన్నదానం మంచిదే. వీలైతే అనుమతి తీసుకొని, ఒకే బిడ్డ కోసం మళ్ళీ మళ్ళీ, ఏళ్ళ తరబడి వెళ్ళండి. ఆ బిడ్డ మీ రాక కోసం ఎదురుచూడడం నేర్చుకుంటే మాత్రం మానకండి.

ఇక నాలాంటి వైద్యులకు చివరి మాట. పిల్లల గృహానికి తనిఖీకి వెళ్ళినప్పుడు బరువు తూచే ముందు ఒక్క నిమిషం నిలబడి చెవి ఒగ్గండి. ఏడుపు వినబడకపోతే, ఎత్తుకునేవారు ఎవరని అడగండి. ఆ తరువాతే సంతకం చేయండి.

మీ ఆరోగ్యాభిలాషి.