66 మ్యాచ్‌లు, 5 గెలుపులు.. తెలుగు టైటాన్స్ వరుసగా మూడుసార్లు అట్టడుగున ఎందుకు నిలిచింది?

ఏ టీమ్‌కైనా ఒక సీజన్ బాగోకపోతే ఫ్యాన్స్ సర్దుకుపోతారు. రెండోసారీ అంతే అయితే తిట్టుకుంటారు. మరి మూడోసారి కూడా అదే జరిగితే? ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్‌కి సరిగ్గా అదే జరిగింది. 8, 9, 10 సీజన్లలో.. అంటే 2021 డిసెంబర్ నుంచి 2024 ఫిబ్రవరి మధ్యలో ఈ జట్టు 66 లీగ్ మ్యాచ్‌లు ఆడింది. గెలిచినవి 5, ఓడినవి 56, టై అయినవి మరో 5. మూడు సీజన్లలోనూ 12 జట్ల పట్టికలో 12వ స్థానమే.

కృష్ణా డెల్టాలో ఈ లెక్క చూస్తే కాస్త ఎక్కువే బాధేస్తుంది. ఇక్కడ చెడుగుడు తెలియని ఊరు ఉండదు. సంక్రాంతి వచ్చిందంటే పోటీలు పెడతారు, కూతకెళ్లినోడిని పట్టేదాకా గట్టు మీద జనం కదలరు. అలాంటి చోటి నుంచి చూస్తే, మన భాష పేరు పెట్టుకున్న టీమ్ మన ఆటలోనే ఇలా కిందపడటం మామూలు ఓటమిలా అనిపించదు. ఇంతకీ ఆ మూడేళ్లలో ఏం జరిగింది? టీమ్ అంత చెత్తదా? లేక కట్టిన పద్ధతిలోనే తేడా ఉందా?

మొదట్లో ఇలా లేదు

2014లో లీగ్ మొదలైనప్పటి నుంచీ టైటాన్స్ ఉంది. రెండో సీజన్‌లో సెమీఫైనల్లో బెంగళూరు బుల్స్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో (38-39) ఓడి, చివరికి మూడో స్థానం దక్కించుకుంది. 2016లో జరిగిన నాలుగో సీజన్‌లోనూ సెమీస్ దాకా వెళ్లింది. అప్పట్లో టైటాన్స్ అంటే రాహుల్ చౌదరి, రాహుల్ చౌదరి అంటే టైటాన్స్. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు అందుకున్న మొట్టమొదటి ఆటగాడు అతనే.

కానీ ఈ జట్టుకి ఒక అలవాటు కూడా అక్కడే పడింది. ఒక పెద్ద రైడర్‌ని పెట్టుకోవడం, మిగతా టీమ్ అంతా అతని చుట్టూ తిరగడం. రాహుల్ వెళ్లిపోయాక 2019లో మహారాష్ట్ర కుర్రాడు సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొన్నారు. ఫ్యాన్స్ అతన్ని 'బాహుబలి' అని పిలుచుకున్నారు. అతను పాయింట్లు తెచ్చాడు, టీమ్ మాత్రం ఆ సీజన్‌లో 11వ స్థానంలో ఆగిపోయింది. ఈ విషయం అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

8వ సీజన్: ఒక్కటంటే ఒక్క గెలుపు

కోవిడ్ వల్ల ఏడాదికి పైగా ఆగిన లీగ్ 2021 డిసెంబర్ 22న మళ్లీ మొదలైంది. మ్యాచ్‌లన్నీ బెంగళూరులోని ఒక హోటల్లోనే, బయో బబుల్‌లో, ప్రేక్షకులు లేకుండా. హోమ్ మ్యాట్ లేదు, విజిల్స్ లేవు. అన్ని జట్లకీ అదే పరిస్థితి కాబట్టి దాన్ని సాకుగా చెప్పలేం.

టైటాన్స్‌కి అసలు దెబ్బ వేరే. సిద్ధార్థ్ దేశాయ్ సీజన్ మొదట్లోనే గాయపడ్డాడు. కెప్టెన్ రోహిత్ కుమార్ పాత ఫామ్‌లో లేడు. రజనీశ్, అంకిత్ బెనివాల్ లాంటి కుర్రాళ్లు భారం మోశారు, కొన్ని మ్యాచ్‌లలో బాగా మోశారు కూడా. తొలి విజయం కోసం 2022 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. జైపూర్ పింక్ పాంథర్స్ మీద 35-34తో గెలిచారు. అదే మొదటిది, ఆ సీజన్‌కి అదే చివరిది.

అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. అప్పటి రూల్ ప్రకారం గెలిస్తే 5 పాయింట్లు, టై అయితే 3, ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే 1. టైటాన్స్‌కి ఆ సీజన్‌లో వచ్చినవి మొత్తం 27. అందులో గెలుపుకి 5, నాలుగు టైలకి 12 పోతే మిగిలేది 10. అంటే ఓడిన 17 మ్యాచ్‌లలో 10 దగ్గర దాకా వచ్చి జారిపోయినవే! ఒక్క మంచి రైడర్ ఫిట్‌గా ఉంటే పట్టిక వేరేలా ఉండేదేమో. మేనేజ్‌మెంట్ కూడా అలాగే అనుకుని ఉండాలి, ఎందుకంటే తర్వాత చేసిన పనులు అలాగే ఉన్నాయి.

9వ సీజన్: పేర్లు పెద్దవి, పాయింట్లు 15

2022 అక్టోబర్ నాటికి టీమ్ దాదాపు మొత్తం మారిపోయింది. రవీందర్ పహల్, సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైంస్వాల్, విశాల్ భరద్వాజ్.. డిఫెన్స్‌లో ఇంతకంటే అనుభవం ఏ జట్టులోనూ లేదనిపించే లైనప్. రైడింగ్‌లో మోను గోయత్, అభిషేక్ సింగ్, వాళ్లకి తోడు మళ్లీ సిద్ధార్థ్. పేపర్ మీద చూస్తే ప్లేఆఫ్స్ టీమ్.

మ్యాట్ మీద చూస్తే 22 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 20 ఓటములు. మొత్తం 15 పాయింట్లు. పాత లెక్కే వేస్తే, 20 ఓటముల్లో దగ్గరగా ఓడినవి 5 మాత్రమే. మిగతా 15 మ్యాచ్‌లలో తేడా 8 పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ. మూడు సీజన్లలో అసలైన చేదు సీజన్ ఇదే. 8వ సీజన్‌లో గెలుపు ఒక్కటే అయినా పోరాటం ఉంది, ఇక్కడ అది కూడా లేదు. పేరున్న డిఫెండర్లు నలుగురు ఉంటే సరిపోదు. కార్నర్‌లో ఉన్నోడు దూకితే పక్కన కవర్ అదే క్షణంలో రావాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే రైడర్ ఇద్దర్నీ తాకేసి గీత దాటేస్తాడు. కొత్తగా కలిసిన వాళ్లకి ఆ టైమింగ్ కుదరడానికి నెలలు పడుతుంది, కోచ్ కూడా కొత్తయితే ఇంకా కష్టం. ఈ మూడు సీజన్లకీ ముగ్గురు వేర్వేరు కోచ్‌లు.. జగదీశ్ కుంబ్లే, వెంకటేశ్ గౌడ్, శ్రీనివాస్ రెడ్డి.

10వ సీజన్: సగం డబ్బు ఒక్కడికే

ఇక అందరికీ గుర్తున్న సీజన్. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ కోసం టైటాన్స్ 2 కోట్ల 60.5 లక్షలు పెట్టింది. అప్పటికి లీగ్ చరిత్రలోనే అది రికార్డ్. అదే అక్టోబర్‌లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఇండియాకి గోల్డ్ తెచ్చిన జట్టుకి కెప్టెన్ కూడా పవనే. ఫ్యాన్స్ గాల్లో తేలిపోయారు.

కానీ ఒక్క విషయం. ఆ సీజన్‌కి ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగలిగే మొత్తం 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్క ఆటగాడికే వెళ్లిపోయింది. మిగిలిన సగంతో మిగతా టీమ్ అంతా రావాలి.

పవన్ తన పని తాను చేశాడు. సీజన్ మొత్తం మీద 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా 22 మ్యాచ్‌లలో 2 గెలుపులు, 1 టై, 19 ఓటములు, 21 పాయింట్లు. ఆ ఏడాది పట్టికలో టాప్‌లో నిలిచిన పుణేరి పల్టన్‌కి వచ్చినవి 96. టైటాన్స్ మూడు సీజన్ల పాయింట్లు కలిపినా 63 దాటవు. పైగా ఆ సీజన్ ప్లేఆఫ్స్, ఫైనల్ జరిగింది ఎక్కడనుకుంటున్నారు? హైదరాబాద్ గచ్చిబౌలిలో. 2024 మార్చి 1న టైటాన్స్ సొంత నగరంలో పుణేరి, హరియాణా స్టీలర్స్ కప్పు కోసం ఆడుకున్నాయి.

స్టార్ ఉన్నా ఎందుకు ఓడతారు?

కబడ్డీ కొత్తగా చూసేవాళ్లకి వచ్చే డౌట్ ఇదే. క్రికెట్‌లో ఒక్క బ్యాటర్ సెంచరీ కొడితే మ్యాచ్ తిరిగిపోతుంది కదా, ఇక్కడెందుకు తిరగదు?

జవాబు రివైవల్ రూల్‌లో ఉంది. కబడ్డీలో ఔటైనోడు బయట కూర్చుంటాడు. తన జట్టు ప్రత్యర్థిని తాకో, పట్టో ఔట్ చేస్తేనే లోపలికి వస్తాడు. ఒక్కరిని ఔట్ చేస్తే ఒక్కరు, అది కూడా ముందు ఔటైన వాళ్లు ముందు. బోనస్ పాయింట్‌కి ఎవరూ తిరిగి రారు. ఇప్పుడు మెయిన్ రైడర్ ఔటయ్యాడనుకోండి. అతన్ని వెనక్కి తేవాలంటే రెండో రైడర్ పాయింట్ తేవాలి, లేదా డిఫెన్స్ ఒకణ్ని పట్టాలి. ఆ రెండూ బలహీనంగా ఉంటే మెయిన్ రైడర్ నిమిషాల తరబడి బెంచ్ మీదే. ఈలోగా రెండు ఖాళీ రైడ్లు పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే వెళ్లినోడు ఔట్. మ్యాట్ మీద మనుషులు తగ్గిపోతారు, ఆలౌట్ అవుతుంది, అవతలి జట్టుకి అదనంగా 2 పాయింట్లు. మ్యాచ్ మొత్తం 40 నిమిషాలే. రెండుసార్లు ఆలౌట్ అయితే ఇక కోలుకోవడం చాలా కష్టం.

అందుకే ప్రత్యర్థి కోచ్‌లకి టైటాన్స్‌తో ప్లాన్ సింపుల్. పవన్‌ని పట్టు, బయట కూర్చోబెట్టు, మిగతావాళ్లతో ఆడుకో. మహేశ్ బాబు కబడ్డీ ప్లేయర్‌గా చేసిన సినిమా పేరు 'ఒక్కడు'. సినిమాకి ఆ పేరు బాగానే ఉంది, కబడ్డీ టీమ్‌కి మాత్రం పనికిరాదు.

చివరన నిలిస్తే శిక్ష ఉంటుందా?

ఉండదు. యూరప్ ఫుట్‌బాల్‌లోలా కింది డివిజన్‌కి పంపే పద్ధతి ప్రో కబడ్డీలో లేదు. అలాగని సాయమూ లేదు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అట్టడుగు జట్లకి మరుసటి డ్రాఫ్ట్‌లో మంచి కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే అవకాశం లాటరీలో ఎక్కువగా ఇస్తారు, అలా కిందున్న జట్టు రెండు మూడేళ్లలో పైకి రాగలుగుతుంది. ఇక్కడ చివరి జట్టుకైనా, ఛాంపియన్‌కైనా వేలంలో ఖర్చు పరిమితి ఒక్కటే. కాబట్టి బాగుపడాలంటే డబ్బు తెలివిగా పంచుకోవడం ఒక్కటే దారి.

ఇదే సమయంలో ఐపీఎల్ ఫ్యాన్స్ ఒకటి గుర్తు చేస్తుంటారు. 2008లో 14 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి ఆఖరున నిలిచిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు కొట్టింది. అయితే అది ఒక్క చెడ్డ సీజన్ తర్వాత మాట. మూడు చెడ్డ సీజన్ల తర్వాత మలుపు అంత తేలిక కాదు.

తర్వాత మారిందేంటి?

2024లో 11వ సీజన్‌కి కోచ్‌గా కృష్ణ కుమార్ హుడా వచ్చారు. ఈయన రికార్డ్ తెలిస్తే నవ్వొస్తుంది. టైటాన్స్ ఒకే ఒక్క మ్యాచ్ గెలిచిన ఆ 8వ సీజన్‌లో దబాంగ్ ఢిల్లీని ఛాంపియన్ చేసిన కోచ్ ఈయనే. పవన్‌ని మళ్లీ తీసుకున్నారు, కానీ ఈసారి 1 కోటి 72.5 లక్షలకి. అలా మిగిలిన డబ్బుకి పనుంది.

సీజన్ మధ్యలో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. పాత టైటాన్స్ అయితే కథ అక్కడే ముగిసేది. ఈసారి విజయ్ మలిక్ పగ్గాలు పట్టుకున్నాడు, టీమ్ గెలుస్తూనే ఉంది. 22 మ్యాచ్‌లలో 12 గెలుపులు, 66 పాయింట్లు, 7వ స్థానం. ఆరు జట్లకే ప్లేఆఫ్స్ కాబట్టి ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. అంతకు ముందు మూడు సీజన్లలో కలిపి వచ్చిన గెలుపులు 5 అని మర్చిపోవద్దు.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. విజయ్ మలిక్ కెప్టెన్, రైడింగ్‌లో తోడుగా భరత్ హుడా. ఆగస్టు 29న వైజాగ్‌లో సీజన్ ఓపెనింగ్ మ్యాచ్‌లోనే తలైవాస్ చేతిలో ఓడేసరికి సోషల్ మీడియాలో 'మళ్లీ మొదలైంది' అన్నవాళ్లు చాలామంది. కానీ జట్టు లీగ్ దశలో ఆడిన 18 మ్యాచ్‌లలో 10 గెలిచి, 2016 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కి చేరింది. అక్టోబర్‌లో క్వాలిఫయర్-2లో పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఓడి ఫైనల్‌కి ఒక్క అడుగు దూరంలో ఆగింది.

బెజవాడ ఫ్యాన్స్ సంగతి మాత్రం అలాగే ఉంది. లీగ్ మొదలైన 2014 నుంచి టైటాన్స్ హోమ్ మ్యాచ్‌లు వైజాగ్‌లోనో, హైదరాబాద్‌లోనో జరిగాయి తప్ప విజయవాడకి ఒక్కటీ రాలేదు. గుడివాడలో ఉన్నా, అవనిగడ్డలో ఉన్నా, మచిలీపట్నంలో ఉన్నా, ఆ 56 ఓటములనూ ఇక్కడి జనం చూసింది ఫోన్లోనో, టీవీలోనో.