డెస్క్‌టాప్ ప్రాసెసర్ శీతలీకరణ

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లోని ప్రాసెసర్ తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. గోరంత సిలికాన్ ముక్కలో పుట్టే ఆ వేడిని గది గాలిలో కలిపే ఏర్పాట్లన్నిటినీ కలిపి ప్రాసెసర్ శీతలీకరణ అంటారు. ఫ్యాను కూలరైనా నీటి కూలరైనా వేడిని మోసుకుపోగలదు గానీ చల్లదనాన్ని పుట్టించలేదు. అందుకే గదిలో ఉన్న ఉష్ణోగ్రతకన్నా కిందికి ప్రాసెసర్‌ను దించడం వాటివల్ల కాదు. 25 డిగ్రీల ఏసీ గదిలో 65 దగ్గర నిలిచే ప్రాసెసర్, అదే పని చేస్తూ మే నెల రెంటచింతలలో 40 డిగ్రీల గదిలో ఉంటే ఇంచుమించు 80కి చేరుతుంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి ఈ బెడద లేదు. అందులోని ఇంటెల్ 8088 వేగం 4.77 మెగాహెర్ట్జ్, అది తీసుకునే విద్యుత్తు రెండు వాట్ల లోపే. చిప్పు మీద ఏ కూలరూ లేకుండానే నడిచేది. పెట్టెలో ఉన్న ఒక్క ఫ్యానూ పవర్ సప్లైది. ఇంటెల్ 486 ప్రాసెసర్ల కాలానికి వేగమైన చిప్పుల మీద రెక్కల అల్యూమినియం దిమ్మ, అంటే హీట్‌సింక్, కనబడసాగింది. 1993 నాటి తొలి పెంటియంలు 5 వోల్టుల మీద నడుస్తూ సుమారు 15 వాట్లు లాగేవి. అక్కడినుంచి హీట్‌సింక్ మీద ఫ్యాను బిగించడం మామూలైపోయింది.

ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ నడుమ పూసే థర్మల్ పేస్టును చాలామంది చిన్నచూపు చూస్తారు, కానీ దాని పని పెద్దది. నున్నగా కనబడే లోహాల మధ్య కూడా సన్నని గాలి సందులుంటాయి. గాలితో పోలిస్తే రాగి వేల రెట్లు మేలుగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఆ సందులను పూడ్చడానికే పేస్టు. ఎక్కువ పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది.

కూలరు ఊడితే ఏమవుతుందో 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వీడియో తీసి చూపించింది. నడుస్తున్న ప్రాసెసర్ల మీది హీట్‌సింక్‌లను తీసేస్తే పెంటియం 4 తన వేగాన్ని తానే తగ్గించుకుని బతికింది. ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. వేడిని కనిపెట్టి తనంతట తాను తగ్గడమో ఆగిపోవడమో ఆ తర్వాత ప్రతి ప్రాసెసర్‌కూ తప్పనిసరి గుణమైంది.

ఈ చరిత్రలో అసలు మలుపు 2004. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యేకొద్దీ వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి చదరపు మిల్లీమీటరుకు పుట్టే వేడి పెరగదని 1974లో ఐబీఎంకు చెందిన రాబర్ట్ డెనార్డ్ బృందం చూపింది. మూడు దశాబ్దాలు పరిశ్రమ ఆ సూత్రం మీదే నడిచింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవయ్యాక, ఆపేసినప్పుడు కూడా వాటిగుండా కరెంటు కారసాగింది. దాంతో వోల్టేజీ ఇక తగ్గనన్నది. వేడి వోల్టేజీ వర్గాన్నిబట్టి పెరుగుతుంది, వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. 90 నానోమీటర్ల ప్రెస్కాట్ పెంటియం 4 వంద వాట్లు దాటింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న మాటను ఇంటెల్ అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తీసుకుంది. అధిపతి క్రెయిగ్ బారెట్ ఒక సదస్సు వేదికమీద మోకరిల్లి అందుకు మన్నింపు కోరారు. వేగం పెంచే బదులు ఒకే చిప్పులో కోర్లను, అంటే లెక్కలు చేసే విభాగాలను, పెంచడం మొదలైంది. 2006లో వచ్చిన కోర్ 2 డుయో 65 వాట్లలోనే రెండు కోర్లతో పనిచేసింది. నేటి ప్రాసెసర్లలో ఇన్నేసి కోర్లు ఉండటానికి వేడి ఒక ప్రధాన కారణమన్నది మరువరాదు.

కూలర్లూ ఊరుకోలేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ రూపొందించిన హీట్ పైపు డెస్క్‌టాప్‌లోకి వచ్చింది. మూసేసిన రాగి గొట్టంలో, తక్కువ పీడనంలో కాసిన్ని నీళ్లుంటాయి. వేడి కొసన అవి ఆవిరై, చల్లని కొసకు పోయి, అక్కడ మళ్లీ నీరై, లోపలి వత్తివంటి పొరగుండా వెనక్కి వస్తాయి. పంపు అక్కర్లేదు, కదిలే భాగమూ లేదు. శీతలీకరణలో ఇంతకన్నా అందమైన ఏర్పాటు మరొకటి లేదనాలి. ఈ గొట్టాలవల్లే రెక్కల దొంతరను చిప్పు పైన ఎత్తుగా, గోపురంలా నిలబెట్టడం వీలైంది.

నీటి కూలర్లు మొదట ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగం దాటించి నడపడం) ఔత్సాహికులు స్వయంగా గొట్టాలు తగిలించుకున్నవి. 2004లో ఆపిల్ తన 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5లో ద్రవ శీతలీకరణను అమర్చి అమ్మింది. డెన్మార్క్ కంపెనీ ఆసెటెక్ తయారీతో 2009లో వచ్చిన కోర్సెయిర్ హెచ్50 వంటివి నీళ్లు పోసే పనిలేని, సీలు వేసిన కూలర్లను ఇళ్లలోకి తెచ్చాయి.

2022 నాటికి ఇంటెల్ కోర్ ఐ9-13900కె గరిష్ఠంగా 253 వాట్లు లాగే స్థాయికి చేరింది. అదే ఏడాది వచ్చిన రైజెన్ 7000 ప్రాసెసర్లలో పెద్దవి బరువైన పనిలో 95 డిగ్రీలను తాకేలాగే తయారయ్యాయి. అది లోపం కాదని ఏఎండీ చెప్పింది. మంచి కూలరు పెట్టినా బరువైన పనిలో వాటి ఉష్ణోగ్రత ఆ 95 దగ్గరే ఉండొచ్చు, పని మాత్రం మరికాస్త వేగంగా సాగుతుంది.