సమస్యాపూరణం నుండి సమస్యా పరిష్కారానికి

తెలుగువారికి ‘సమస్య’ అనే మాట రెండు విధాలుగా పరిచితం. జీవితంలో ఎదురయ్యే చిక్కు ఒకటి. అవధాన సభలో పృచ్ఛకుడు కవి ముందుంచే పద్యపాదం మరొకటి. ఆ పాదం పైకి అసంబద్ధంగా, ఒక్కొక్కప్పుడు అనుచితంగా కూడా తోస్తుంది. మిగిలిన పాదాలను కల్పించి, దానికి ఉచితమైన అర్థాన్ని సాధించడం కవి బాధ్యత. దత్తపదిలో ఇచ్చిన పదాలను ఇమడ్చాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరాలను వారిస్తూ పోతుంటే, దారి మార్చుకుంటూ పద్యాన్ని నడపాలి. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి (1870-1950) జంటగా ఈ విద్యకు అపారమైన ప్రచారం కల్పించారు. నియమం బిగిసిన కొద్దీ ఊహ పదునెక్కుతుందని ఈ సంప్రదాయం నిరూపించింది. నేటి విద్యావేత్తలు సృజనాత్మక సమస్యా పరిష్కారమని పిలిచే దానికి తెలుగు నేలలో ఇంతటి పూర్వరంగం ఉన్నది.

అయితే పద్యంలోని సమస్య వేరు, బ్రతుకులోని సమస్య వేరు. ఈ రెండవ దానికి గుడారి పరిసరాలలోనే ఒక మహత్తర దృష్టాంతం లభిస్తుంది. వంశధారా తీరంలోని ఈ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు రాష్ట్రపు విశాఖపట్నం జిల్లాలో భాగం. తరువాత కోరాపుట్ జిల్లాలోను, 1992 అక్టోబరు 2 నుండి రాయగడ జిల్లాలోను చేరింది. పాలనా సరిహద్దులు మారినా, తెలుగు, ఒడియా, సవర, కువి భాషలు ఒకే సంతలో వినబడే స్థితి మాత్రం మారలేదు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి కావడం ఇక్కడి పిల్లలకు మొదటి సమస్య.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) ఈ సమస్యను తనదిగా స్వీకరించారు. అప్పటికి సవర భాషకు లిపి లేదు. ఆయన ఆ భాష మాట్లాడేవారి నోటనే విని నేర్చుకున్నారు; వాచకాలు, కథలు, పాటలు కూర్చారు; సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా దానిని స్వీకరించక, ఆ ధనంతో సవరలకు బడులు పెట్టమని కోరిన ఉదంతం ప్రసిద్ధం. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. 1936లో గుణుపురం ప్రాంతానికి చెందిన మంగై గొమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని రూపొందించారు. ఒకరు బయటినుండి వచ్చి ఆ భాషను నేర్చుకున్నారు. మరొకరు ఆ జాతిలోనే పుట్టి దానికి అక్షరాలిచ్చారు. సిద్ధంగా ఉన్న సమాధానాన్ని అప్పగించుకోవడం కాక, లేనిదానిని నిర్మించడమే వీరిద్దరూ చేసిన పని.

ఇటువంటి నేర్పును పాఠశాలలోనే అలవరచవచ్చునన్న ఆలోచన గత శతాబ్ది ద్వితీయార్ధంలో అమెరికాలో బలపడింది. సృజనశక్తిపై పరిశోధన చేసిన పాల్ టొరెన్స్ 1974లో జార్జియా రాష్ట్రంలో, భావికాలపు సమస్యలపై విద్యార్థులచే ఆలోచింపజేసే కార్యక్రమానికి శ్రీకారం చుట్టారు. న్యూజెర్సీలోని గ్లాస్‌బరో కళాశాలలో పారిశ్రామిక రూపకల్పన బోధించే శామ్యూల్ మిక్లస్, చక్రాలు లేని వాహనాన్ని చేయండి, నీటిపై తేలే సాధనాన్ని చేయండి అని విద్యార్థులకు పరీక్షలు పెట్టేవారు. వస్తువు పని చేసిందా లేదా అన్నది కాక, ఎంత సాహసించి కొత్తగా యత్నించారన్నది ఆయన చూసేవారు. దానినుండే 1978లో 28 పాఠశాలలతో ఒక పోటీ మొదలై, అనంతరం ‘ఒడిస్సీ ఆఫ్ ది మైండ్’ పేరుతో అనేక దేశాలకు వ్యాపించింది. ఇందులో ప్రతి బృందం ఒక సమస్యపై నెలల తరబడి కృషి చేస్తుంది, ఖర్చుకు పరిమితి ఉంటుంది, పెద్దలు సాయపడరాదు. పోటీనాడు మరొక సమస్యను అప్పటికప్పుడు ఇస్తారు. ఆశుకవిత్వమెరిగిన తెలుగువారికి ఈ నియమాలు కొత్తగా తోచవు.

భారతదేశంలోనూ ఈ బాట ఏర్పడింది. 1988లో ఆవిర్భవించిన జన విజ్ఞాన వేదిక చెకుముకి పోటీల ద్వారా తెలుగు పిల్లలలో ప్రశ్నించే అలవాటును పెంచింది. 1993లో జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ ఆరంభమైంది. పిల్లలు తమ ఊరి సమస్యను ఎన్నుకొని, స్వయంగా వివరాలు సేకరించి, పరిష్కారం సూచించడం దీని పద్ధతి. తరువాత వచ్చిన ఇన్‌స్పైర్-మానక్ పథకం, ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ నిమిత్తం 10,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. 2016లో అటల్ టింకరింగ్ ప్రయోగశాలల కార్యక్రమం ప్రారంభమైంది.

ప్రయోగశాల లేనంత మాత్రాన పాఠశాలలో ఇటువంటి క్లబ్బు ఆగవలసిన పని లేదు. ఐదారుగురు విద్యార్థినీ విద్యార్థులు, వారానికొక గంట, ఆసక్తిగల ఒక ఉపాధ్యాయుడు, అట్టముక్కలు, వెదురుబద్దలు, పురికొస నింపిన ఒక పెట్టె చాలు. మొదట ఆలోచనలన్నీ వ్రాసుకోవాలి. ఆ సమయంలో ఎవరి మాటనూ తప్పనరాదు. పిమ్మట ఒకదానిని ఎన్నుకొని చేసి చూడాలి. విఫలమైతే కారణం వ్రాసుకోవాలి. సమస్యలకు కరువు లేదు. వంశధార పొంగినప్పుడు బడి పుస్తకాలు తడవకుండా కాపాడేదెలా? సంతకు వచ్చే నాలుగు భాషలవారికీ అర్థమయ్యే సూచిక ఏది? ఈ రెండవ ప్రశ్నకు, తరగతిలో చివరి వరుసన మౌనంగా కూర్చునే సవర బాలుడే అందరికంటె ముందు జవాబు చెప్పగలడు.

ఈ క్లబ్బుల అసలు ప్రయోజనం అక్కడే ఉన్నది. ఒక్క జవాబునే ఒప్పనే పరీక్షలో తప్పుకు భయపడి నోరు విప్పని పిల్లలు ఎందరో ఉంటారు. సరిహద్దుకు ఈవలనున్న తెలుగు బడి పిల్లలకు భాష వల్ల కలిగే సంకోచం దీనికి తోడవుతుంది. పలు భాషలు ఎరిగి ఉండడం లోపం కాదని, అది ఆలోచనకు అదనపు సాధనమని వారికి అనుభవంలో తెలియాలి. ఆ మాట ఉపన్యాసంలో వింటే నిలవదు; నలుగురితో కలిసి, తన చేతులతో ఒక చిక్కును విప్పిననాడు నిలుస్తుంది.

75 వసంతాలు నిండిన పాఠశాలకు ఘనమైన గతం ఉంటుంది. ఆ గతానికి తగిన కానుక ఇవ్వదలచిన తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు వారానికొక గంటను, ఒక గదిని, తప్పు చేసే స్వేచ్ఛను పిల్లలకు సమకూర్చవచ్చు. రామమూర్తి పంతులుగారు కోరినదీ ఇటువంటి కానుకనే: తనకు సన్మానం కాదు, పిల్లలకు బడి.