సబ్బుల కంపెనీ అద్దాల మేడ

లక్స్, లైఫ్‌బాయ్ ఎరగని ఇల్లుందా మనలో? ఆ సబ్బుల లీవర్ కంపెనీ అమెరికా శాఖవారు 1952లో న్యూయార్కు పార్క్ ఎవెన్యూలో ఆఫీసుకని 24 అంతస్తుల మేడ కట్టించారు. వీధి పొడుగునా రాతి గోడలూ, ఇటుక గోడలూ. మధ్యన ఈ నీలిపచ్చ గాజుమేడ అప్పుడే తలంటుకున్న పిల్లలా తళతళలాడింది. సబ్బులవాళ్ళ ఇల్లు మరి, మురికిగా ఉంటే ఎట్లా! కిటికీలు తెరుచుకోవు, లోపలంతా ఎయిర్‌కండిషను. తెరిస్తే ఊళ్ళో మసి లోపలికొస్తుందని భయం. బయటి అద్దాలు కడగడానికి పైకప్పు మీంచి వేలాడే తొట్టి అమర్చారు. దారినపోయేవాళ్ళకి అదే పెద్ద ప్రకటన.

ఇంత కడిగినా జబ్బు కంటికి కనపడనిచోట పట్టుకుంది. అద్దాలు బిగించిన నిలువు చట్రాలకి పైతొడుగు స్టెయిన్‌లెస్ స్టీలే. లోపల మాత్రం మామూలు ఉక్కు. సందుల్లోంచి నీరు దిగి అది తుప్పు పట్టింది. వానాకాలం మన తలుపులు ఉబ్బినట్టు తుప్పూ ఉబ్బుతుంది కదూ! ఆ వత్తిడికి అద్దాలు ఒక్కొక్కటే పగిలాయి. 1990ల నడిమికి మొదటి అద్దాల్లో నూటికి ఒకటి మిగిలిందంటారు.

ఈలోగా కూల్చేద్దామన్న మాటా వచ్చింది. 30 ఏళ్ళు నిండితేగాని ఆ ఊళ్ళో ఏ కట్టడానికీ చారిత్రక గుర్తింపు ఇవ్వరు. 1982లో నిండగానే ఇచ్చారు. మేడని నిలబెట్టమని గొంతెత్తినవారిలో జాక్విలిన్ కెనెడీ ఒనాసిస్ ఒకరు. 1983లో నగర పాలకవర్గంలో బొటాబొటీ ఓట్లతో గండం గడిచింది.

1998లో మేడ చేతులు మారాక, మొదట నమూనా గీసిన స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థకే మరమ్మతూ అప్పగించారు. తుప్పు చట్రాలు ఊడదీసి, లోపల అల్యూమినియం పెట్టి, అద్దాలన్నీ మార్చేశారు. వీధిలోంచి చూసేవాళ్ళకి మాత్రం తేడా తెలియకూడదు! అమ్మమ్మ కాసులపేరు కరిగించి అదే నమూనాలో చేయించుకుంటే అది అమ్మమ్మదేనా? నన్నడిగితే, తెగిన గొలుసు పెట్టెలో దాచుకోవడంకన్నా మెళ్ళో వేసుకోవడమే నయం.

అన్నట్టు, ఈ మేడ ఘనతంతా గోర్డన్ బన్‌షాఫ్ట్‌దేనని చాలాకాలం రాశారు. 1988లో ప్రిట్జ్‌కర్ బహుమతీ ఆయన్ని వరించింది. ఆయన దగ్గర ఈ నమూనాకి పనిచేసిన నటాలీ డి బ్లోయిస్, నలుగురు బిడ్డల తల్లి, పేరు ఎవరు తలిచారు కనక! ఆవిడ పనితనం మగవాళ్ళ పేర్లమీద చలామణీ అయిందని ఆ సంస్థ భాగస్వామి ఓవింగ్సే 1973లో తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. 2001లో, ఆ కొత్త అద్దాలు వచ్చేనాటికి, ఆవిడకి ఎనభై ఏళ్ళు.