పాట పడిన బాకీ

పేదల కష్టం మీద పాట కట్టినవాడు పాటతోనే సరిపెట్టుకోవచ్చునా, వారితోపాటు వీధిలోకి కూడా రావాలా అన్న ప్రశ్న చాలా పాతది. ఈమధ్యకాలంలో ఈ ప్రశ్నను అందరికన్నా గట్టిగా ఎదుర్కొన్నవారు అమెరికాలోని ర్యాప్ గాయకులు. వారి చరిత్రను కాస్త వెనక్కి వెళ్లి చూస్తే జవాబు కూడా కొంతవరకు దొరుకుతుంది.

లయకు కట్టుబడి మాటను వడిగా పలికే ఈ విద్య 1973 ప్రాంతంలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో, నల్లవారి, ప్యూర్టోరికన్ల యువజన వేడుకల్లో పుట్టింది. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వెలువరించిన ‘ది మెసేజ్’తో పేట బతుకే పాటకు వస్తువయింది. 1989లో పబ్లిక్ ఎనిమీ బృందం స్పైక్ లీ చిత్రానికి పాడిన ‘ఫైట్ ద పవర్’ దేశమంతటా మోగింది. మొదట్లో పాడేవాడిదీ వినేవాడిదీ ఒకే పేట. తరువాత ర్యాప్ పెద్ద వ్యాపారమయింది. గాయకుడు పేట విడిచి వెళ్లాడు. పేట మాత్రం అతని పాటలో ఉండిపోయింది, అమ్ముడుపోతూనే ఉంది. బాకీ మాట అక్కడ మొదలయింది.

ఈ బాకీకి కొలత ఏదని అడిగితే చాలామంది హ్యారీ బెలఫాంటే పేరు చెబుతారు. ఆయన ర్యాప్ గాయకుడు కాడు. 1950లలో కాలిప్సో పాటలతో పేరు తెచ్చుకున్న హార్లెం బిడ్డ. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవారిని ఓటర్లుగా చేర్పించే పనిలో ఉన్న యువకులకు డబ్బు అయిపోయింది. బెలఫాంటే నటుడు సిడ్నీ పాయిటియర్‌ను వెంటబెట్టుకుని, సుమారు 70 వేల డాలర్ల నగదుతో గ్రీన్‌వుడ్ పట్టణానికి వెళ్లాడు. దారిలో క్లాన్ ముఠావారు వెంబడించారు. ప్రాణాలకు తెగించి చేసిన పనే అది. అయితే గమనించవలసింది వేరొకటి ఉంది. ఆ ఉద్యమాన్ని నడపడానికి ఆయన వెళ్లలేదు. నడుపుతున్న కుర్రవాళ్లు అడిగినది మోసుకువెళ్లాడు, అంతే.

ఆ మనిషికి ర్యాప్ పరాయిది కూడా కాదు. ఆ సంస్కృతిని తెరకెక్కించిన ‘బీట్ స్ట్రీట్’ (1984) చిత్రానికి ఆయన ఒక నిర్మాత. అందుకే 2012లో ఆయన జే-జీ, బియాన్సే వంటివారు సామాజిక బాధ్యతను వదిలేశారని విమర్శిస్తే ఆ మాట గట్టిగా తగిలింది. తాను ఇంత ఎత్తుకు ఎదిగి కనబడటమే తనవారికి చేసిన మేలన్న అర్థంలో మరుసటి ఏడు జే-జీ జవాబిచ్చాడు. అందులో నిజం బొత్తిగా లేకపోలేదు. గెలిచిన మనిషిని చూస్తే పిల్లలకు ధైర్యం కలుగుతుంది. కానీ ఆ ధైర్యం బెయిలు కట్టదు, వకీలును పెట్టదు.

పాట ఒక్కటే చేయగలిగిన పని కూడా ఉంది. 2015 జులైలో క్లీవ్‌లాండ్‌లో పోలీసులకు ఎదురు నిలిచిన జనం కెండ్రిక్ లామార్ పాట ‘ఆల్‌రైట్’ పల్లవినే నినాదంగా అందుకున్నారు. అక్కడ కవి లేడు, ఎవరూ ఆయన కోసం వెతకనూ లేదు. పాట ఆయన చెయ్యి దాటి జనానిదయింది. ఇటువంటి పాట రాసినవాణ్ణి ‘నువ్వేం చేశావు?’ అని నిలదీయడం పూర్తిగా న్యాయం కాదు.

ఈ రెండు వాదాలూ ముఖాముఖి తలపడింది 2020లో. మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక దేశం భగ్గుమంది. బీదవారు వీధుల్లో దెబ్బలు తింటుంటే, వారి బాధలే పాటలుగా అమ్ముకున్న పెద్ద గాయకులు నోరు విప్పరేమని చికాగో గాయని నోనేమ్ అడిగింది. జూన్ 16న జె. కోల్ ఒక పాటతో, ఆమె పేరు ఎత్తకుండా, బదులిచ్చాడు. తాను ఆమెంత చదువుకున్నవాణ్ణి కానని ఒప్పుకుంటూనే ఆమె మాట తీరును తప్పుపట్టాడు. రెండు రోజులకు ఆమె ‘సాంగ్ 33’ విడుదల చేసింది. నల్లజాతి స్త్రీలు హతమవుతున్న వేళ మీకు దొరికిన వస్తువు నేనా అన్నది దాని సారాంశం.

కోల్‌ను పిరికివాడనలేము. 2014లో ఫెర్గూసన్‌కు వెళ్లాడు, 2020లో సొంత ఊరు ఫేయెట్‌విల్ ఊరేగింపులో నడిచాడు. నోనేమ్ బలం మాత్రం మరొకచోట ఉంది. ఆమె 2019లోనే పుస్తక పఠన సంఘం మొదలుపెట్టి జైళ్లలో ఉన్నవారికి పుస్తకాలు పంపిస్తూ వచ్చింది. 2021లో లాస్ ఏంజెలెస్‌లో ఒక గ్రంథాలయం తెరిచింది. ఇవేవీ పతాక శీర్షికలకు ఎక్కే పనులు కావు. వారం వారం, నెల నెలా విసుగు లేకుండా చేయవలసినవి.

ఈ చరిత్ర చెబుతున్నది ఇదని నాకు తోస్తుంది. బాకీ ఉంది. పేట కథను అమ్ముకున్నవాడికి అది ఇంకా ఎక్కువగా ఉంది. కానీ ఆ బాకీ నాయకత్వంతో తీరేది కాదు. గొంతు బాగున్నంత మాత్రాన దారి తెలిసినట్టు కాదు. తెలియని దారిలో ముందు నడిచేవాడు వెనక వచ్చేవారిని గుంటలో దించుతాడు. ఆ బాకీ తీరేది సేవతో. ఇతరులు నడుపుతున్న పనిలో ఒక చెయ్యి వేయడంతో, ఆ పనికి లోబడి ఉండటంతో.

తమిళనాట ఉన్న మన పాఠకులు దీన్ని దగ్గర నుంచే చూడవచ్చు. 2017లో చెన్నైలో, దర్శకుడు పా. రంజిత్ నీలం సాంస్కృతిక కేంద్రం అండతో ఏర్పడిన ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం గానా పాటనూ ర్యాప్‌నూ కలిపి కులాన్ని ప్రశ్నించింది. అక్కడ పాట వెనుక ఒక సంస్థ ఉంది, సంస్థ వెనుక ఒక పని ఉంది. ఇక మీదట బాధను పాడే గొంతు వినబడినప్పుడు ‘ఈయన మనకు నాయకుడవుతాడా?’ అని కాక, ‘ఈయన ఎవరి పనికి తోడు నిలిచాడు?’ అని అడుగుదాం.