రాతిని చదివే వృత్తి

తెలుగు నేలను ఏలిన రాజవంశాల గురించి నేడు తెలిసినదానిలో చాలా భాగం శాసనాలు చెప్పిందే. వాటిని వెదికి, చదివి, కాలం తేల్చి, లోకానికి అందించడం శాసన పరిశోధకుల వృత్తి. 1886లో మద్రాసు ప్రభుత్వం జర్మన్ పండితుడు హుల్ట్జ్‌ను ఈ పనికి నియమించింది. ఆయన వద్ద పని నేర్చిన వి. వెంకయ్య, హెచ్. కృష్ణశాస్త్రి తర్వాతి కాలంలో ఆ బాధ్యతను మోశారు. 1890 నుంచి వెలువడుతున్న దక్షిణ భారత శాసన సంపుటాలు ఈ శ్రమకు ఫలం.

పని ఊళ్లోనే మొదలవుతుంది. గుడి స్తంభంపైనో చెరువు గట్టునో ఉన్న రాతిని బ్రష్షుతో శుభ్రంగా కడుగుతారు. తడిపిన కాగితాన్ని దానిపై పరిచి, గట్టి బ్రష్షుతో అక్షరాల గాడుల్లోకి దిగేలా కొడతారు. ఆపై సిరా అద్దితే నల్లని నేలమీద తెల్లని అక్షరాలు తేలతాయి. ఈ నకలు తీశాకే అసలు పరీక్ష. లిపి తీరును బట్టి శతాబ్దాన్ని అంచనా వేస్తారు. శాసనంలోని శక సంవత్సరానికి 78 కలిపి క్రీస్తుశకానికి మారుస్తారు. తిథి, వారం, గ్రహణం పంచాంగ గణితంతో సరిపోతున్నాయో లేదో చూస్తారు. తర్వాతి కాలంలో ఎవరో పుట్టించిన దొంగ శాసనాలు తరచూ ఇక్కడే పట్టుబడతాయి.

ఒక్క శాసనం చరిత్రను ఎంత మార్చగలదో నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన రాయి చెబుతుంది. కాకతీయ రాణి రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా పాలించిందని చరిత్రకారులు భావించేవారు. శక 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం నాటి ఈ శాసనంలో, ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి భూమిని దానమిచ్చాడని ఉంది. అంటే 1289 చివరికే రాణి లేదు. అలా ఆమె పాలనాకాలం సుమారు ఆరేళ్ల మేర తగ్గింది.

అయితే ఆమె ఎలా మరణించిందో ఆ రాయి చెప్పలేదు. ఆమెపై తిరుగుబాటు చేసిన కాయస్థ నాయకుడు అంబదేవుడితో జరిగిన యుద్ధంలో నేలకొరిగిందన్నది చరిత్రకారులు ఇతర ఆధారాలను జోడించి చేసిన ఊహ. రాయి పలికిన మాటను, దానిపై కట్టిన ఊహను వేరువేరుగా చూపడమే పరిశోధకుడి ప్రథమ ధర్మం. అందుకే శాసన పాఠాన్ని ప్రచురించేటప్పుడు చెరిగిన అక్షరాలకు ఖాళీ వదిలి, ఊహించి పూరించినవాటిని కుండలీకరణాల్లో చూపుతారు. తర్వాత వచ్చినవారు ఆ పాఠాన్ని మళ్లీ పరీక్షించి, అవసరమైతే సరిదిద్దడానికి వీలు కలిగేది ఈ నిజాయతీవల్లే.